గాలి పంపు కోసం మేం పడ్డ పాట్లు

పొద్దున్నే బండి తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలిగింది. వెనక టైర్లలో గాలి తక్కువగా ఉందని. ఒక టైరులో కాదు, నాలుగింటిలోనూ. మాది ఆరు టైర్ల మోటర్‌హోమ్. లారీ ఛాసిస్ మీద కట్టిన ఇల్లు అనుకోండి. ముందు రెండు టైర్లు, వెనక ఒక్కో పక్క జంట టైర్లు. నాలుగింటికీ ఒకే రాత్రి పంక్చరు పడదు కదా. "సెన్సర్లు పాడైపోయి ఉంటాయిలే" అన్నారు మా ఆయన. నేను నమ్మలేదు. గేజి పట్టుకుని ఆ చలిలో బండి చుట్టూ తిరిగాను. 83, 82, 84. నాలుగోది, కుడివైపు లోపలి టైరు, 71. అన్నింటిలోనూ ఉండాల్సింది 95 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 95 పౌన్ల ఒత్తిడి.

దీనికి కారణం ఎక్కడో లేదు. ముందు రోజు మధ్యాహ్నం మా చేతులతో మేమే చేసుకున్నాం. ఎండలో నాలుగు గంటలు ఏకబిగిన నడిపి ఆపాక, సరదాగా గాలి చూస్తే 106 చూపించింది. ఎక్కువైపోయింది, ఎక్కడ పేలుతుందో అని టెన్షన్ పడి, వాల్వు పిన్ను నొక్కి నొక్కి 95కి దించాం. బండి నడిచినప్పుడు టైరు వేడెక్కుతుంది, వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. టైరు కంపెనీలు చెప్పే అంకె చల్లగా ఉన్న టైరుకి. ఈ పెరుగుదల వాళ్ళ లెక్కలో ముందే ఉంటుంది. అది తెలియక ఉండాల్సిన గాలినే వదిలేశాం. దానికి తోడు ఆ రాత్రి బాగా చలి పడింది. మా టైర్లలో ఉండేంత ఒత్తిడి దగ్గర 10 సెల్సియస్ డిగ్రీల తేడా వస్తే దాదాపు 4 పీఎస్‌ఐ మారుతుంది. కారు టైరులో అదే తేడాకి మారేది ఒకటిన్నర. కారు అలవాటు ఉన్నవాళ్ళు మాలాగే బోల్తా పడేది ఇక్కడే.

మా దగ్గర పంపు లేకపోలేదు. బండితో పాటే కొన్న చిన్న పంపు ఉంది, సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టేది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 150 పీఎస్‌ఐ అని ఉంటుంది. మాకు కావాల్సింది 95, ఇది 150 ఇస్తానంటోంది, ఇంకేం కావాలి అనుకున్నాం. కారుకి రెండు మూడు సార్లు వాడాం కూడా, ఇబ్బందేమీ రాలేదు.

83 ఉన్న టైరుకి దాన్ని తగిలించి ఆన్ చేశాను. చెవులు చిల్లులు పడే చప్పుడు. దానికున్న గేజి ముల్లు చటుక్కున 97కి లేచింది. "చూశావా, అయిపోయింది" అన్నారు మా ఆయన. ఆపి చూస్తే మళ్ళీ 83. పంపు నడుస్తున్నంతసేపూ ఆ ముల్లు చూపించేది గొట్టంలో ఒత్తిడిని. సన్నటి వాల్వులోంచి గాలి దూరి వెళ్ళాలి కాబట్టి గొట్టంలో ఎప్పుడూ టైరులో కన్నా ఎక్కువే ఉంటుంది. ఆపి చూస్తేనే నిజం తెలుస్తుంది. సరే అని మళ్ళీ నడిపాను. పది నిమిషాలకి 89కి వచ్చింది. ఇత్తడి నాజిల్ ముట్టుకుంటే వేలు చుర్రుమంది. రెండో టైరుకి మార్చి మూడు నిమిషాలు నడిపానో లేదో, చప్పుడు ఆగిపోయింది. ఫ్యూజు పోయింది.

ఆ సాకెట్ వెనక ఉండే ఫ్యూజు 15 ఆంపియర్లది. 12 వోల్టుల దగ్గర అంటే 180 వాట్లు. అంతకు మించి ఆ దారిలో కరెంటు రాదు. అంత చిన్న మోటారుతో లారీ టైరుకి గాలి కొట్టడం చెంచాతో చెరువు తోడటమే. సాకెట్లో పెట్టే పంపు ఏదైనా, దాని డబ్బా మీద ఏ అంకె ఉన్నా, ఈ హద్దు దాటలేదు. ఆ తర్వాత పంపులు చూడటం మొదలుపెట్టినప్పుడు ఈ ఒక్క లెక్కతో సగం సరుకుని పక్కన పెట్టేశాను.

మా తమ్ముడు లారీ నడుపుతాడు. వాడికి ఫోన్ చేశాను.

"అక్కా, ఆ 71 ఉన్నదానికి గాలి కొట్టారా?"

"ఇంకా లేదురా. అది ఆఖర్న కొడదామని ఉంచాం."

"కొట్టొద్దు. దాని పక్కన నిలబడొద్దు కూడా. బావగారు ఎక్కడున్నారు?"

"దాని పక్కనే కూర్చున్నారు."

"లేచి రమ్మను ముందు."

టైరులో ఉండాల్సిన గాలిలో 80 శాతం, అంతకన్నా తక్కువ ఉండగా అది నడిచి ఉంటే దాన్ని గాలి లేకుండా నడిచిన టైరుగానే చూడాలట. 95లో 80 శాతం అంటే 76. గాలి తక్కువైన టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ వంగుతూ లేస్తూ ఉంటుంది. లోపలున్న ఉక్కు తీగలు, ఇనుప తీగని అటూ ఇటూ వంచితే తెగినట్టు, ఒక్కొక్కటే తెగుతాయి. బయటికి ఏమీ కనిపించదు. తర్వాత గాలి నింపేటప్పుడు ఆ తెగిన చోట పక్క గోడ జిప్పు విప్పినట్టు వరసగా చీలిపోయి పేలుతుంది. లారీ టైరులో ఉండే గాలితో అది మనిషిని చంపగలదు. అమెరికాలో కార్మికుల భద్రతా నిబంధనల్లోనే ఈ 80 శాతం లెక్క ఉంది. అంతకన్నా ఎక్కువ గాలి మిగిలి ఉన్న టైరుకే బండి మీద ఉండగా గాలి కొట్టొచ్చు, అదీ దూరం నుంచి, టైరు పేలితే ముక్కలు వచ్చే దారిలో ఎవరూ లేకుండా. మా టైరు 71తో నడిచిందో, రాత్రికి రాత్రి దిగిందో మాకు తెలియదు. తెలియనప్పుడు నడిచిందనే అనుకోవాలన్నాడు తమ్ముడు.

టైర్ల మెకానిక్‌ని పిలిపించాం. ఆయన బయటి టైరు, తర్వాత లోపలి టైరు విప్పి, రిమ్ము నుంచి ఊడదీసి, లోపలంతా లైటు వేసి చేత్తో తడిమి చూశాడు. అదృష్టం, టైరు బాగానే ఉంది. గాలి పోతున్నది వాల్వుకి బిగించిన పొడుగు గొట్టం దగ్గర. లోపలి టైరు వాల్వు చేతికి అందదని బండి కొన్నప్పుడు ఎవరో బిగించిన ఎక్స్‌టెన్షన్ అది. లోపలి వాషరు అరిగిపోయింది. అది మార్చి, ఆరు టైర్లకీ తన బండి మీదున్న కంప్రెసర్‌తో గాలి కొట్టి వెళ్ళాడు. ఒక్కో టైరుకి నిమిషం పట్టలేదు. మా ఆయన ఆ కంప్రెసర్‌ని చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆ సాయంత్రమే వేట మొదలైంది. "ఇదిగో, దీని మీద 200 పీఎస్‌ఐ అని ఉంది. ఇది కొనేద్దాం" అన్నారు. "150 అని రాసిన దానితోనే మోసపోయాం కదండీ, 200 అని రాస్తే నమ్ముతామా?" అన్నాను. నాకు లెక్కలు ఇష్టం. పంపుల సంగతి తర్వాత, ముందు మన టైర్లకి ఏం కావాలో తేలుద్దామన్నాను.

అసలు 95 అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? బండి అమ్మినాయన చెప్పాడు, మేం రాసుకున్నాం. టైరు పక్క గోడ మీద మాత్రం 110 అని ఉంది. చాలామంది ఆ 110 చూసి అంతే కొడతారు. అది ఆ టైరు మోయగల అత్యధిక బరువుకి కావాల్సిన గాలి. మన బండి బరువు అంత ఉండకపోవచ్చు. అందుకని నీళ్ళ ట్యాంకు, డీజిలు నింపి, సామాన్లన్నీ సర్ది, మేమిద్దరం కూర్చుని కాటా దగ్గరికి వెళ్ళాం. ఒక్కో చక్రం వైపు విడివిడిగా తూకం వేయించాం. కుడి వెనక పక్క ఎడమ దానికన్నా బరువుంది, మా వంటగది, ట్యాంకు అటే ఉన్నాయి మరి. టైరు కంపెనీ పట్టికలో ఇంత బరువుకి ఇంత గాలి అని ఉంటుంది. ఒక ఇరుసు మీద ఏ పక్క బరువెక్కువో దాని ప్రకారం రెండు పక్కలా ఒకే గాలి పెట్టాలి. చూసుకుంటే వెనక 95 సరిగ్గానే ఉంది, ముందు మాత్రం 90 వచ్చింది. ఇన్నాళ్ళూ ముందు కూడా 95 కొట్టించి, రోడ్డు బాలేదని తిట్టుకున్నాం.

పికప్ ట్రక్కుల టైర్లు వేరే కథ. వాటిలో బరువులు మోసే రకానికి 80 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. అసలైన లారీలకి 100, 110, ఇంకా పైన. కాబట్టి "ట్రక్కులకి పనికొస్తుంది" అన్న మాటకి ఏ ట్రక్కు అని అడగాలి.

తర్వాత లెక్క: ఒక టైరుకి ఎంత గాలి పడుతుంది? టేపు పెట్టి కొలిచాను. టైరు బయటి చుట్టు, రిమ్ము 19.5 అంగుళాలు, వెడల్పు. బోలుగా ఉన్న పెద్ద చేతిగాజు లోపల ఎంత చోటుందో లెక్కగట్టినట్టు గట్టాను. సుమారు 70 లీటర్లు వచ్చింది. బయటి గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. అంటే టైరులో ప్రతి 14.7 పీఎస్‌ఐ పెంచడానికి బయటి గాలి ఇంకో 70 లీటర్లు లోపలికి తోయాలి. 80 నుంచి 95కి తేవాలంటే ఒక్కో టైరుకి 70 లీటర్లు, ఆరింటికి 420. ఇదొక్కటి చేతిలో ఉంటే ఇంకెవరి మాటా వినక్కర్లేదు. మా చిన్న పంపు పది నిమిషాల్లో 6 పీఎస్‌ఐ ఎక్కించింది కదా, అంటే 28 లీటర్లు. నిమిషానికి 3 లీటర్లు కూడా కాదు. దాని డబ్బా మీద నిమిషానికి 35 లీటర్లని ఉంది!

అబద్ధం రాశారా అంటే, రాయలేదు. ఆ 35 అనేది గొట్టం దేనికీ తగిలించకుండా, ఎదురు ఒత్తిడి సున్నా ఉన్నప్పుడు వచ్చే గాలి. టైరుకి తగిలించగానే పరిస్థితి మారిపోతుంది. పిస్టను ఒక్కో తోపుకీ లోపలి గాలిని టైరులో కన్నా ఎక్కువ ఒత్తిడికి తేవాలి, అప్పుడుగానీ వాల్వు తెరుచుకోదు. పిస్టను పైదాకా వెళ్ళినా ఆ మూలల్లో కొంచెం గాలి మిగిలిపోతుంది. పిస్టను కిందికి రాగానే ఆ మిగిలిన గాలే వ్యాకోచించి చోటు ఆక్రమిస్తుంది, కొత్త గాలి రావడానికి చోటు తగ్గుతుంది. ఎదురు ఒత్తిడి పెరిగే కొద్దీ ఈ వృథా పెరుగుతుంది, మోటారు నెమ్మదిస్తుంది. కాబట్టి గరిష్ఠ పీఎస్‌ఐ అంకె దగ్గర పంపు ఇచ్చే గాలి దాదాపు సున్నా. నాకు కావాల్సింది ఒక్కటే అంకె: 90 లేదా 100 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు? దాన్ని పట్టికగా ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, ఎక్కడో వెనక పేజీలో చిన్న అక్షరాల్లో. ఇవ్వని వాటిని నేను చూడటం మానేశాను. కొన్నిచోట్ల సీఎఫ్‌ఎం అని ఉంటుంది, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులని. ఒకటికి 28 లీటర్లు వేసుకుంటే సరిపోతుంది.

ఈలోగా పక్కన బండి ఆపుకున్న వాళ్ళ దగ్గర ఇంటి కరెంటుతో నడిచే ట్యాంకు కంప్రెసర్ ఉంటే అడిగి తెచ్చుకున్నాం. మేకులు కొట్టే తుపాకీకి వాడే రకం. బరువు మా సూట్‌కేసంత. ఎంత హాయిగా ఎక్కిందో గాలి, 90 దాకా. తర్వాత 93 దగ్గర ఆగిపోయింది. మోటారు నడవటం లేదు, ప్లగ్గు పెట్టే ఉంది, ఫ్యూజు బాగానే ఉంది. ట్యాంకు గేజి కూడా 93. అరగంట తలలు బద్దలుకొట్టుకున్నాం. చివరికి దాని పక్కన అంటించిన కాగితం చదివితే తెలిసింది: అది 125 దగ్గర ఆగి, ట్యాంకులో ఒత్తిడి 90కి పడితేగానీ మళ్ళీ మొదలవ్వదు. టైరు, ట్యాంకు రెండూ 93 దగ్గర సమానమైపోయాయి. 90కి దిగదు, మోటారు లేవదు. ట్యాంకు కింద చిన్న కుళాయి తిప్పి కొంచెం గాలి వదిలితే గర్రున లేచింది. పని జరిగింది కానీ, టైరుకి గాలి ఎక్కించడం కోసం గాలి పారబోయడం నాకు నచ్చలేదు. అలాంటి ట్యాంకు రకం కొనాలంటే ఆగే అంకె 150 ఉన్నది చూసుకోవాలి, మళ్ళీ లేచే అంకె మనకి కావాల్సిన గాలికన్నా పైన ఉండాలి. పైగా రోడ్డు పక్కన దానికి కరెంటు ఎక్కడిది? జనరేటరు మీద పెడదామంటే, మోటారు లేచే క్షణంలో నడిచేటప్పటికన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. చిన్న జనరేటరు, చిన్న ఇన్వర్టరు అక్కడే చేతులెత్తేస్తాయి.

తమ్ముడికి ఈ బాధల్లేవు. వాడి లారీకి గాలి బ్రేకులు, బండిలోనే కంప్రెసరు, ట్యాంకులు ఉంటాయి. ట్రైలరుకి వెళ్ళే ఎర్ర గొట్టం కొసకి ఒక అడాప్టరు పెట్టి, దానికి పొడవాటి గొట్టం తగిలించి టైర్లకి కొట్టుకుంటాడు. ఇంజను నడుస్తూ ఉండాలి, ఆ వ్యవస్థలో ఒత్తిడి 120, 130 దగ్గర ఆగుతుంది కాబట్టి 110 దాటాక నెమ్మదిగా ఎక్కుతుంది. అంతే. మా మోటర్‌హోమ్‌కి ఉన్నవి ఆయిలు బ్రేకులు, మాకా భాగ్యం లేదు. మీ బండికి గాలి బ్రేకులుంటే పంపు కొనే ముందు ముందుభాగంలో గాలి తీసుకునే కనెక్షను ఉందేమో చూసుకోండి. ఉంటే డబ్బు మిగిలినట్టే.

బ్యాటరీతో నడిచే చేతి పంపులు కూడా చూశాను. ముద్దుగా ఉంటాయి. కారుకి, సైకిలుకి కొనుక్కోండి. మా 420 లీటర్ల లెక్క వాటి ముందు పెట్టాక ఇంక ఆలోచించలేదు.

మిగిలింది 12 వోల్టులదే, కానీ సాకెట్లో పెట్టేది కాదు, బండి బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించేది. ఇవి 30 ఆంపియర్ల దాకా లాగుతాయి. ఇంజను నడుస్తూ ఉంటే వోల్టేజి 13.8 దగ్గర ఉంటుంది. ఆపేస్తే 12కి దిగుతుంది, పంపు గొంతులోనే ఆ తేడా వినిపిస్తుంది. ఇందులో మేమిద్దరం రెండు పంపుల దగ్గర ఆగాం, రెండు పార్టీలుగా.

ఆయనది రెండు సిలిండర్లది. 90 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి 40 లీటర్లు. నాది ఒకటే సిలిండరు, అదే ఒత్తిడి దగ్గర 25 లీటర్లు. చూడగానే ఆయనదే గెలవాలి. కానీ దాని కాగితంలో డ్యూటీ సైకిల్ 33 శాతం అని ఉంది. అంటే పది నిమిషాలు నడిస్తే ఇరవై నిమిషాలు ఆపాలి, లేకపోతే వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది. నాది 100 పీఎస్‌ఐ దగ్గర 100 శాతం. ఆపకుండా నడవొచ్చు.

420 లీటర్లని 40తో భాగిస్తే పదిన్నర నిమిషాలు. "సరిగ్గా సరిపోయింది చూడు!" అన్నారు. నిజమే, కాగితం మీద సరిపోయింది. నాది 17 నిమిషాలు పడుతుంది. నేనన్నది ఒకటే: ఆ 33 శాతం కొలిచింది 22 డిగ్రీల గదిలో అని కింద రాసి ఉంది. మనం నడిపేది ఇంజను నడుస్తున్న బానెట్ పక్కన నేల మీద, ఎండలో. అక్కడ పదిలో ఆరు నిమిషాలకే ఆగిపోతే, నాలుగో టైరు దగ్గర ఇరవై నిమిషాలు కూర్చోవాలి. పైగా తమ్ముడు వచ్చినప్పుడు వాడి పికప్‌కి, మా స్టెప్నీకి కూడా కొట్టాల్సి వస్తే? ఆయన కాసేపు ఆలోచించి "నీ నత్తే కొందాం" అన్నారు. ఆ పంపుకి మా ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది. అయితే ఒక మాట, మాది నాలుగు టైర్ల పికప్ అయి ఉంటే, ఆయన చెప్పిందే కొనేదాన్ని. వారానికోసారి 5 పీఎస్‌ఐ పెంచుకునే వాళ్ళకి 100 శాతం డ్యూటీ సైకిల్‌కి డబ్బు పోయడం దండగ.

పంపు వచ్చాక అసలు చిక్కు తెలిసింది. బ్యాటరీ ముందుంది, వెనక టైర్లు ఏడు మీటర్ల దూరంలో. పంపుతో వచ్చిన కరెంటు తీగ రెండున్నర మీటర్లు. మా ఆయన ఆరు మీటర్ల తీగ ముక్క తెచ్చి అతికి, పంపుని వెనక చక్రం దగ్గర పెట్టారు. పంపు మూలుగుతోంది. వోల్టు మీటరు పెట్టి చూస్తే పంపు దగ్గర 11 కూడా లేదు, తీగ గోరువెచ్చగా ఉంది. ఆ తీగ మందం 4 చదరపు మిల్లీమీటర్లు, పోనూ రానూ 12 మీటర్లు, 25 ఆంపియర్లు. లెక్క వేస్తే అందులోనే 1.3 వోల్టులు పోతోంది. అతుకుల దగ్గర పోయేది అదనం. తీగ తీసేసి, పంపుని బ్యాటరీ పక్కనే ఉంచి, గాలి గొట్టాన్ని పది మీటర్లకి పెంచాం. ఇంత తక్కువ గాలి పారేటప్పుడు గొట్టం పొడవు పెద్ద లెక్కలోది కాదు. ఒకటే ఇబ్బంది, పంపుకున్న గేజి ఇంకా ఎక్కువ చూపించి ఆశపెడుతుంది. టైరు దగ్గర నాజిల్ వెనక ఇంకో గేజి బిగించుకున్నాం.

నాజిల్ గురించి ఎవరూ మాట్లాడరు, కానీ సగం చిరాకు అక్కడే. మరతో బిగించే రకం వాల్వుకి గట్టిగా పడుతుంది, తీసేటప్పుడు వేడి ఇత్తడిని వేళ్ళతో తిప్పాలి, తిప్పినంతసేపూ బుస్సుమని గాలి పోతుంది. నేను పట్టుకుని వదిలేసే క్లిప్పు రకం తీసుకున్నాను. అది తగిలించి దూరంగా, టైరు పక్క గోడకి ఎదురుగా కాకుండా నిలబడొచ్చు. జంట టైర్లలో బయటి టైరు వాల్వు లోపలివైపు తిరిగి ఉంటుంది, లోపలిది రిమ్ము కన్నాల్లోంచి కనబడీ కనబడకుండా ఉంటుంది. మామూలు నాజిల్ అక్కడ పట్టదు. రెండు వైపులా నోళ్ళుండి, ఒకటి ముందుకి తోసే రకం, ఇంకోటి వెనక్కి లాగే రకం ఉన్న పొడుగు నాజిల్ లారీ వాళ్ళు వాడతారు. అదొకటి కొన్నాం. రబ్బరు ఎక్స్‌టెన్షన్లు అన్నీ పీకించి, ఉక్కు తీగ అల్లిక ఉన్నవి వేయించాం. ఇంకో సంగతి తమ్ముడి పికప్ చూస్తే బయటపడింది. కార్లకి వేసే మామూలు రబ్బరు వాల్వులు 65 పీఎస్‌ఐ దాకానే. వాడి చక్రాలకి ఎవరో అవే వేసి 80 కొట్టారు. లోహపు వాల్వులు వేయించుకున్నాడు.

జంట టైర్ల విషయంలో మేం చేసిన ఇంకో తెలివితక్కువ పని కూడా చెప్పాలి. లోపలి టైరుకి గేజి పెట్టడం కష్టమని కర్రతో కొట్టి చప్పుడు విని "బాగానే ఉంది" అనుకునేవాళ్ళం. కర్రకి 95కి, 71కి తేడా తెలియదు. ఒకదాంట్లో గాలి తగ్గితే రెండోది దాని బరువు కూడా మోస్తుంది, బయటికి మాత్రం రెండూ నిటారుగా నిలబడే ఉంటాయి.

నత్త మొదటి పరీక్ష మంచి చలి పొద్దున జరిగింది. ముందు చేతి గేజితో ఆరూ చూసి నోటుబుక్కులో రాశాను: ముందువి 86, 86, వెనకవి 89, 90, 88, 90. ఇంజను ఆన్ చేసి, క్లిప్పులు తగిలించి, గొట్టం పరిచాం. ఎర్ర క్లిప్పు ముందు, నల్లది తర్వాత. వెనక మొదటి టైరు 89 నుంచి 95కి వచ్చేసరికి గడియారంలో నిమిషం పది సెకన్లు. నా లెక్క ప్రకారం 28, 29 లీటర్లు, అంటే 25 అన్న కంపెనీ అంకె నిజమే. నాకు కలిగిన సంతోషం మా ఆయనకి అర్థం కాలేదు. ఆయన ఎనిమిది నిమిషాల్లో అంతా అయిపోయిందని సంతోషించారు, గొట్టాలు మార్చుకునే టైముతో కలిపి. గొట్టం ఊడదీయగానే పెద్ద బుస్సు వినిపించి ఉలిక్కిపడ్డారు. అది గొట్టంలో మిగిలిన గాలే, టైరులోది కాదని చూపించడానికి మళ్ళీ గేజి పెట్టాల్సి వచ్చింది. 95.

మొన్న ఎండలో చాలాసేపు నడిపి ఒకచోట ఆగాం. ఆయన కిందికి దిగి, అలవాటుగా గేజి తీసి వెనక టైరుకి పెట్టారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. 107. ఆయన బొటనవేలు పిన్ను దాకా వెళ్ళింది. ఒకసారి నా వైపు చూసి, మూత బిగించి, గేజి జేబులో పెట్టుకుని వచ్చి కూర్చున్నారు.